పంద్రాగస్టుకి గురజాడ ‘దేశభక్తి’: రెండు పాదాలతో సరిపెట్టాలా, మొత్తం పాడించాలా?

గరివిడి_మేడం
ఎనిమిదో తరగతి పిల్లల చేత గురజాడ ‘దేశభక్తి’ పాడిద్దామనుకుంటే వచ్చిన మాట ఇదీ: నాలుగు నిమిషాలే టైం, మొదటి చరణం, ‘దేశమంటే మట్టి కాదోయ్’ చరణం పాడించి దించెయ్యండి. ఎక్కడ చూసినా ఇదే వరస. గోడల మీద, బ్యానర్ల మీద ఆ రెండు పాదాలే. 2025 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో వినిపించినవీ అవే. పద్నాలుగు చరణాల గేయంలో రెండు పాదాలు ఏరుకుని అదే గురజాడ అంటే నాకు మింగుడుపడట్లేదు. రెండు ప్రశ్నలు. తప్పనిసరిగా కత్తిరించాలంటే ఏవి తీసినా పర్లేదు, ఏవి తియ్యకూడదు? రెండోది, మా సోషల్ మాస్టారు ‘ఇందులో భారతమాత లేదు, జెండా లేదు, ప్రాణత్యాగం లేదు, ఇది నీతి పద్యం, దేశభక్తి గీతం కాదు’ అంటున్నారు. ఆయనకేం చెప్పాలి?

మిశ్రచాపు
ముందు టైం సంగతి తేల్చేద్దాం. కత్తిరించక్కర్లేదు. ఈ గేయం ఛందస్సు ముత్యాల సరం, దాని నడక 3+4 మాత్రలు. పాదానికి రెండు ఆవర్తాలు, అంటే 14 మాత్రలు. చరణానికి 56. పద్నాలుగు చరణాలకి 784. సెకనుకి నాలుగు మాత్రల లెక్కన 196 సెకన్లు, మూడుంపావు నిమిషాలు. పిల్లలు నెమ్మదిగా, సెకనుకి మూడు మాత్రలే పాడినా నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకి అయిపోతుంది. అందరూ చేసే తప్పేంటంటే మొదటి చరణాన్ని పల్లవి చేసేసి ప్రతి చరణం తర్వాతా మళ్ళీ ఎత్తుకుంటారు. అప్పుడు పద్నాలుగు కాస్తా ఇరవయ్యేడు చరణాలవుతాయి. ఇందులో పల్లవి లేదు, అన్నీ చరణాలే. వరసగా పాడించండి, మధ్యలో హార్మోనియం బిట్లు వద్దు.

కోనసీమ_శాస్త్రి
మీ సోషల్ మాస్టారి మాట కొట్టిపారెయ్యకండి. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు చిలకమర్తి చెప్పిన పద్యం చూడండి: దేశం పాడియావు, దూడలు ఏడుస్తున్నాయి, తెల్లవాళ్ళు ఆ దూడల మూతులు బిగించి పాలు పితుకుతున్నారు. విన్నవాడికి ఒళ్ళు మండుతుంది. రాయప్రోలు ‘ఏ దేశమేగినా’ చూడండి, ఎక్కడున్నా తల్లి భూమిని పొగడమంటుంది. నేల మీద ప్రేమ లేకుండా దేశభక్తి ఎక్కడిది? కన్న ఊరి మట్టి వాసన పోగొట్టుకున్నవాడికి దేశం మీద ప్రేమ ఎక్కణ్ణుంచి వస్తుంది? గురజాడంటే నాకూ గౌరవమే. కానీ ‘మట్టి కాదోయ్’ అన్నచోట ఆయనతో నాకు పేచీ.

పొందూరు_పద్మ
శాస్త్రిగారూ, పేచీకి ముందు ఆ చరణం మొదటి సగం చదవండి. ‘స్వంత లాభం కొంత మానుకు పొరుగువాడికి తోడుపడవోయ్’. దాని వెంటనే వస్తుంది ‘మట్టి కాదోయ్, మనుషులోయ్’. అంటే పైన చెప్పిన పని ఎందుకు చెయ్యాలో కింది రెండు పాదాలు చెబుతున్నాయి. పొరుగువాడికి తోడుపడితే దేశానికి చేసినట్టే, ఎందుకంటే దేశం అంటే వాడే. పైసగం కోసేసి కిందసగం గోడ మీద రాస్తే పని పోయి నినాదం మిగులుతుంది. మీరు కోప్పడుతున్నది ఆ నినాదం మీద.

పొందూరు_పద్మ
ఇంకొకటి. గేయం మొత్తం వెతకండి. తల్లి లేదు. భారత్ లేదు, ఆంధ్ర లేదు, తెలుగు లేదు. గంగ, హిమాలయం లేవు. తెల్లదొర లేడు. శత్రువే లేడు, ‘ఓర్వలేమి పిశాచి’ తప్ప. ఉన్నవల్లా పాడిపంటలు, తిండి, కండ, సరుకులు, డబ్బు, విద్య, వాణిజ్యం, పొరుగువాడు, చెమట. మనసులో ఉప్పొంగే భావాల జాబితా కాదండీ, చేతులతో చెయ్యాల్సిన పనుల జాబితా. మేడం, మీ సోషల్ మాస్టారికి ఇదే చెప్పండి. త్యాగం లేదన్నారుగా, ‘స్వంత లాభం కొంత మానుకు’ అన్నది త్యాగం కాక మరేంటి? ‘కొంత’ అన్నాడు, ‘అంతా’ అనలేదు. రోజూ చెయ్యగలిగినంతే అడిగాడు.

చీరాల_మగ్గం
‘కొంత’ దగ్గర ఆగినందుకు దండాలు అక్కా. అసలు పని చరణాలు కత్తిరించేవాళ్ళు ముందు కోసేది మా చరణాన్నే, ‘అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్, దేశి సరుకుల నమ్మవలెనోయ్’. పైగా దాన్ని స్టేజీల మీద ‘దేశీ సరుకుల్ని నమ్మాలి’ అని విడదీసి పాడుతున్నారు. అది ‘సరుకులను అమ్మవలెను’. తర్వాతి పాదాల్లో డబ్బు తేలేనివాళ్ళకి కీర్తి రాదంటున్నాడు కాబట్టి అమ్మకమే. ఇది తేడా పడితే అర్థం మొత్తం పోతుంది. 1905 బెంగాల్ విభజన తర్వాత స్వదేశీ అంటే విదేశీ గుడ్డ మానెయ్యడం, తగలెయ్యడం. ఈయన 1910లో ఎక్కడా ‘విదేశీ సరుకు కొనకు’ అనట్లేదు. నీ సరుకు పట్టుకెళ్ళి వాడి దేశంలో అమ్ము అంటున్నాడు. అమ్మాలంటే వాడి సరుకు కన్నా బాగుండాలి. అందుకే ముందు చరణంలో ‘జల్దుకొని కళలెల్ల నేర్చుకు’. వరస చూడండి: ముందు తిండి, తర్వాత ఒంట్లో బలం, తర్వాత పనితనం, తర్వాత సరుకు, ఆ తర్వాతే బజారు. కాళ్ళు ఈడుస్తూ ఉన్నవాడి దగ్గరికెళ్ళి మగ్గం నేర్చుకోమంటే ఏం నేరుస్తాడు?

బెజవాడ_రఘు
2, 3, 4 చరణాలు ఒక గొలుసన్నమాట. ఒకటి తీస్తే మిగతావి ఊడతాయి.

చీరాల_మగ్గం
అదే అన్నా. మేడం, కత్తిరించాల్సి వస్తే ఆ మూడూ కలిపి ఉంచండి, లేదా కలిపి తీసెయ్యండి. విడగొట్టొద్దు.

వాదం_వెంకట్
నేను ఒప్పుకోను. ‘వైరములు వాణిజ్యమందే’ అన్నమాట 1910లో అందంగా ఉండొచ్చు. నాలుగేళ్ళలో, 1914లో, బజార్ల కోసం, వలసల కోసం పోటీపడిన దేశాలే కత్తులు దూశాయి. వాణిజ్య వైరం, కత్తి వైరం వేరువేరు కావని తేలిపోయింది. టాగూర్ 1916లో జపాన్లో, అమెరికాలో ఇచ్చిన ఉపన్యాసాల్లో పట్టుకున్నది ఇదే. జనమంతా లాభం కోసం ఒక యంత్రంలా కట్టుబడితే దానికే నేషన్ అని పేరు, అది మనిషిని నలిపేస్తుంది అన్నాడు. గురజాడకి ఆ భయం లేదు. ఆయన బలహీనత అక్కడుంది.

పొందూరు_పద్మ
బలహీనత అనను గానీ తేడా ఉంది, నిజమే. టాగూర్ చూసింది కడుపు నిండిన దేశాల జాతీయత. గురజాడ చూసింది ఈసురోమంటున్న మనుషుల్ని. కడుపు మాడుతున్నచోట ‘వ్యాపారం ప్రమాదం’ అని ముందే ఎవడూ మొదలుపెట్టడు. పైగా వాణిజ్యానికి ఆయన వేసిన కట్టడి మీరు వదిలేశారు. ‘పరుల కలిమికి పొర్లి యేడ్చే పాపికెక్కడ సుఖం కద్దోయ్’. ఎదుటివాడు బాగుపడితే ఏడవకు, వాడి మేలు నీ మేలే అనుకో. పోటీకి పక్కనే 8, 9 చరణాలు పెట్టింది ఊరికే కాదు. ఓర్వలేని పోటీయే కత్తి పడుతుందని ఆయనకి తెలుసు.

వాదం_వెంకట్
ఆ రెండు చరణాలూ ఇంట్లో వాళ్ళకి, మన దేశస్థులకి చెప్పినవి. దేశాల మధ్య పోటీకి వర్తిస్తాయని ఎలా అంటారు?

పొందూరు_పద్మ
‘ఒరుల మేలు’, ‘పరుల కలిమి’ అన్నాడు. ఒరులు ఎవరో హద్దు గియ్యలేదు. అదే కవి ‘ముత్యాల సరాలు’లో ‘యెల్ల లోకము వొక్క యిల్లై’ అన్నాడు. ఆ ఇంటికి దేశం ఒక గది. రెండు గేయాలూ పక్కపక్కన పెట్టి చదవండి.

వైజాగ్_అప్పల్రాజు
అందరూ తప్పించుకుంటన్న మాట నేనడుగుతాను. తెల్లోడి పేరెత్తకపోడం గొప్పా? విజయనగరం సంస్థానంలో కొలువు. ఆనందగజపతి ఆదరణ. ‘కన్యాశుల్కం’ అంకితమిచ్చిందీ ఆయనకే. సంస్థానాలకి పైన దొరలు. 1908లో ‘స్వరాజ్య’ పత్రికలో రాతకి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు జైలుకెళ్ళారు. 1910లో ప్రెస్ యాక్ట్ వచ్చింది. ఇవన్నీ చుట్టూ ఉండగా ‘దేశి సరుకులు నింపవోయ్’ అని పాడుకోడం సేఫ్ కాదేటి?

బెజవాడ_రఘు
అడగాల్సిన ప్రశ్నే.

కోనసీమ_శాస్త్రి
ఇక్కడ అప్పల్రాజు గారితో కలుస్తాను. గరిమెళ్ళ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ పాడి జైలుకెళ్ళాడు. ఆ ధైర్యానికి ఒక స్థానం ఉంది, దాన్ని ఎవరూ తీసెయ్యలేరు.

ఉత్తరాంధ్ర_లెక్క
గరిమెళ్ళ పాట సహాయ నిరాకరణ రోజులది, 1920 తర్వాత. గురజాడ 1915 నవంబర్ 30నే పోయారు. ఇద్దర్నీ ఒకే తక్కెడలో పెట్టకూడదు. అప్పల్రాజు గారూ, కొలువు కట్టుబాట్లు లేవని ఎవరూ అనరు. కానీ ఆయన నోరు విప్పని చోటే కాదు, విప్పిన చోటూ చూడండి. తెల్లవాణ్ణి తిట్టినందుకు జైలు. ‘మంచి అన్నది మాల అయితే మాల నేనగుదున్’ అని ‘లవణరాజు కల’లో రాస్తే ఇంటా బయటా వెలి భయం. ఆ రోజుల్లో ఏది తేలిక? పైవాడితో పోట్లాటకి చప్పట్లుంటాయి. పక్కవాడితో నువ్వు మెలిగే తీరు మార్చుకోమన్నవాడికి ఉండవు. ఈ గేయం రెండోదాని మీదే నిలబడింది. అందుకే దొర వెళ్ళిపోయాక కూడా దీనికి పని మిగిలింది.

వైజాగ్_అప్పల్రాజు
ఆఖరి వాక్యం ఒప్పుకుంటాను. మిగతాది ఆలోచించాలి.

తాళపత్రం
రాజకీయ ఉపన్యాసాల మీద ఆయన లెక్కేంటో ‘కన్యాశుల్కం’లోనే ఉంది. గిరీశం బండివాడికి నేషనల్ కాంగ్రెస్ గురించి రెండు గంటలు లెక్చరిస్తాడు. అంతా విని బండివాడు అడిగేది ఒక్కటే: మా ఊరి హెడ్డు కనిష్టీబుని ఎప్పుడు బదిలీ చేస్తారు? చదివినవాళ్ళంతా బండివాడి అమాయకత్వానికి నవ్వుతారు. నాకు ఆ ప్రశ్న చాలా సూటిగా కనిపిస్తుంది. వాడికి దొరతనం అంటే ఆ హెడ్డు కనిష్టీబే. లండన్ పార్లమెంటు కాదు. ‘దేశాభిమానం నాకు కద్దని వట్టి గొప్పలు చెప్పుకోకోయ్, పూని యేదైనాను వొక మేల్ కూర్చి జనులకు చూపవోయ్’ అన్న చరణం ఆ బండివాడి పక్షాన రాసినట్టుంటుంది. ఏదైనా ఒక మేలు. ఒక్కటి చూపించు చాలు అంటున్నాడు.

సిద్దిపేట_కవిత
గా బండివాడి ముచ్చట మస్తు పట్టిన్రు. క్లాసుల పిల్లలకు గిదే చెప్పాలె.

మిశ్రచాపు
తాళపత్రం గారు ఆ చరణం తెచ్చారు కాబట్టి పాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. గాయకులంతా తడబడేది సరిగ్గా అక్కడే. ‘దేశాభిమానం నాకు కద్దని’ లెక్కేస్తే 16 మాత్రలు. రెండు ఎక్కువ. దెబ్బ మీద ‘దే’ మొదలుపెడితే తాళం విరుగుతుంది. అప్పుడు ‘దేశభిమానం’ అని నొక్కేసి పాడతారు, వినడానికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. కిటుకు ముందు చరణం చివర ఉంది. ‘కత్తి వైరం కాల్చవోయ్’ 3+4+3+2, అంటే 12. రెండు మాత్రల ఖాళీ. ఆ ఖాళీలోకి ‘దే’ వెయ్యండి. తర్వాత దెబ్బ ‘శా’ మీద పడుతుంది: శాభి (3) మానం (4) నాకు (3) కద్దని (4). అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

ఉత్తరాంధ్ర_లెక్క
‘చెట్టపట్టాల్ పట్టుకొని / దేశస్థులంతా నడువవలెనోయ్’ కూడా అంతేగా? మొదటి పాదం 12, రెండో పాదం 16.

మిశ్రచాపు
అంతే. ‘పట్టుకొని’ తర్వాత మిగిలిన రెండు మాత్రల్లో ‘దే’, దెబ్బ ‘శ’ మీద. రెండు చోట్లా ‘దేశ’ అన్న మాటే పాదం గీత దాటి ముందు పాదంలోకి చెయ్యి చాపుతోంది. రెండో చోట చేతులు పట్టుకుని నడవమన్నప్పుడే అది జరుగుతోంది. ఇలాంటివి చూస్తే ఆ మనిషి చెవికి మొక్కాలనిపిస్తుంది. ఇంకో చిన్నది: ‘తిండి కలిగితె’ అని ‘తె’ కురచగా పాడించండి. ‘కలిగితే’ అని సాగదీస్తే ఒక మాత్ర పొంగుతుంది.

కదిరి_దస్తగిరి
టైం తేలిపోయింది కాబట్టి ఇప్పుడు ఎవరూ కొయ్యరనుకుంటా. కానీ ఎప్పుడైనా కోత పెట్టాల్సొస్తే 11, 12 మాత్రం ముట్టుకోవద్దండీ. ‘అన్నదమ్ముల వలెను జాతులు మతములన్నీ మెలగవలెనోయ్’, ‘మతం వేరైతేను యేమోయ్’. ‘మతాలన్నీ ఒకటే’ అని తేల్చేయలేదు ఆయన, గమనించండి. వేరు అని ఒప్పుకుని, అయితే ఏమైందిరా అన్నాడు. నా మతం నాకుండగానే నేను దేశస్థుణ్ణి. వేరుగా ఉన్నందుకు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. ఈ రెండు చరణాలు తీసేస్తే మిగిలిన గేయంలో మనుషులు ఎవరో పిల్లలకి తెలియదు.

సిద్దిపేట_కవిత
దస్తగిరన్నా, నూరు శాతం. ‘జాతులు’ అన్న మాటను గూడ తినెయ్యొద్దు. మతాల ముచ్చట చెప్పి కులాల ముచ్చట దాటేస్తరు మనోళ్ళు. ఆయన రెండూ కలిపే రాసిండు.

కోనసీమ_శాస్త్రి
ఇన్ని మంచి మాటలు చెప్పుకుంటున్నారు గానీ ‘మంచి గతమున కొంచెమేనోయ్’ సంగతేంటి? వేల ఏళ్ళ చరిత్రలో మంచి కొంచెమేనా? నేను పిల్లల చేత ఆ పాదం పలికించలేను. పూర్వుల మీద గౌరవం పోగొట్టి దేశభక్తి నేర్పడం ఎలాగో నాకు అర్థం కాదు.

తాళపత్రం
శాస్త్రిగారూ, ఆ మాట అన్నవాడి చేతిలో ఏ గతం ఉందో చూడండి. చిన్నపిల్లల్ని ముసలాళ్ళకి అమ్మే పెళ్ళిళ్ళ లెక్కలు. దాని మీద నాటకం రాసి 1892లో ఆడించాడు, 1897లో అచ్చేశాడు, 1909లో మళ్ళీ తిరగరాశాడు. మరుసటి ఏడాదే ఈ గేయం. ‘కొంచెమేనోయ్’ అన్నది పుస్తకాల్లోని వైభవాన్ని చూసి అన్నమాట కాదు, ఆ పిల్లల్ని చూసి అన్నది. ‘లేదోయ్’ అనలేదు. కొంచెం ఉంది, దాన్ని పట్టుకుని అక్కడే కూర్చోకు, ‘మందగించక ముందు అడుగేయ్’ అన్నాడు.

కోనసీమ_శాస్త్రి
కారణం అర్థమైంది. ఒప్పుకోలు మాత్రం లేదు. ఆ కొంచెంలోనే త్యాగరాజు ఉన్నాడు, వేమన ఉన్నాడు, నాకది కొంచెం కాదు. కాకపోతే పాదం తియ్యమని అడగను. తీస్తే గేయం కుంటుతుంది.

డాలస్_రాధ
నేల గురించి శాస్త్రిగారు మొదట్లో అన్నది నేను వదల్లేకపోతున్నాను. ఇక్కడ తెలుగు సంఘాల వేడుకల్లో ‘ఏ దేశమేగినా’ లేని కార్యక్రమం ఉండదు. దూరంగా ఉన్నవాళ్ళకి నేల పిలుపు బలంగానే ఉంటుంది, అది అబద్ధం కాదు. కానీ నేల పొగడ్త ఒక రాత్రి స్టేజీ మీద తీరిపోతుంది. దేశమంటే మనుషులు అనుకున్నప్పుడు తప్పించుకోడానికుండదు. ఊళ్ళో బడి మరుగుదొడ్డి, పొరుగింటి పిల్ల ఫీజు, ఇక్కడికి కొత్తగా వచ్చి జబ్బుపడిన విద్యార్థి, అన్నీ లెక్కలోకొస్తాయి. పైగా ఇక్కడ పుట్టిన పిల్లలకి మన మట్టి తెలియదు. మనుషులు తెలుసు. వాళ్ళకి నేర్పాల్సి వస్తే నేను ఈ గేయమే ఎంచుకుంటాను.

కోనసీమ_శాస్త్రి
రాధగారూ, మీ పిల్లలకి రెండూ నేర్పండమ్మా. మట్టి తెలియదంటున్నారు కాబట్టే రాయప్రోలు కావాలి.

ఉత్తరాంధ్ర_లెక్క
మట్టి, మనుషులు పోటీ కాదని గురజాడ చివరి చరణాలే చెబుతున్నాయి. దేశం ‘దొడ్డ వృక్షం’ అన్నాడు. చెట్టు మట్టిలో లేకుండా ఎక్కడుంటుంది? కానీ ఆ వేరు తడిసేది దేనితో? ‘నరుల చెమటను తడిసి మూలం’. మట్టి ఉంది, దాన్ని తడిపే చెమట మనిషిది. ‘మనిషి’ అన్న గేయంలోనూ ఇదే వాదన: మనిషి చేసిన రాయికి మొక్కుతూ మనిషిని రాయి కన్నా కనిష్టంగా చూస్తావేం అని. మొక్కొద్దు అన్నది అక్కడి గొడవ కాదు. మనిషిని కిందకి తొయ్యొద్దన్నది గొడవ. ‘మట్టి కాదోయ్’ని ఆ వెలుగులో చదివితే శాస్త్రిగారి పేచీ సగం తగ్గుతుంది.

కోనసీమ_శాస్త్రి
పావు తగ్గింది.

గరివిడి_మేడం
అందరికీ చాలా థాంక్స్. పద్నాలుగు చరణాలూ పాడిస్తాను, పల్లవి తిప్పడం లేదు. ముప్ఫై మంది పిల్లలు. గొంతులు ఎలా పంచితే బాగుంటుంది? అందరూ అన్నీ పాడితే గోలగా ఉంటుందేమోనని.

మిశ్రచాపు
పదేసి మంది చొప్పున మూడు జట్లు చెయ్యండి. 1 అందరూ. 2, 3, 4 మొదటి జట్టు. 5, 6, 7 రెండో జట్టు. 8, 9, 10 మూడో జట్టు, కానీ పదో చరణంలో పై రెండు పాదాలు జట్టు పాడి ‘దేశమంటే మట్టి కాదోయ్’ దగ్గర అందరూ కలవాలి. 11 నుంచి చివరిదాకా అందరూ. మొదట మూడు రోజులు రాగం వద్దు, తకిట తకధిమి చేత్తో వేస్తూ మాటలే చెప్పించండి. ‘దే’ రెండు చోట్లా దెబ్బకి ముందే పడటం అలవాటయ్యాక రాగం ఎత్తుకోండి. రాగం ముందు నేర్పితే ఆ తడబాటు మళ్ళీ పోదు.

పొందూరు_పద్మ
ఏడో చరణం రెండో జట్టుకి ఇచ్చారు కాబట్టి ఆ ‘దే’ వాళ్ళే వేసుకుంటారు, జట్టు మారే చోట పడదు. మంచి పని చేశారు.

మిశ్రచాపు
అందుకే అలా విడగొట్టాను. ఇంకొక్కటుంది. చివరి చరణంలో ‘పలుకులను విని దేశమందభి / మానములు మొలకెత్తవలెనోయ్’, ‘అభిమానం’ అన్న మాట రెండు పాదాల మధ్య విరిగింది. పిల్లలు పాదం చివర ఊపిరి తీస్తారు, ‘దేశమందభి’ అని తెగిపోతుంది. ‘కవిత కోవిల పలకవలెనోయ్’ తర్వాత గట్టిగా ఊపిరి పట్టించి ఆ రెండు పాదాలూ ఒకే దమ్ములో లాగించండి. 28 మాత్రలు, ఏడు సెకన్లు. ఎనిమిదో తరగతి పిల్లలకి తేలిగ్గా అందుతుంది.